5,000 పౌండ్లు లాగుతుందట!

మా ఇంట్లో నెల రోజులుగా ట్రైలర్ గొడవ. ఇక్కడ టెక్సాస్‌లో పిల్లలకి వేసవి సెలవులు ఇచ్చారంటే మనవాళ్ళకి ఏదో ఒక పూనకం వస్తుంది. ఈసారి మావారికి ట్రావెల్ ట్రైలర్ పూనకం. అదేనండీ, మంచాలూ వంటిల్లూ బాత్రూమూ ఉన్న చక్రాల ఇల్లు, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళేది. నాకు ట్రైలర్ మీద కోపం లేదు. హోటల్ గదుల్లో మైక్రోవేవ్‌లో అన్నం వండి విసిగిపోయినదాన్ని, సొంత పొయ్యి వెంట వస్తానంటే వద్దంటానా? నా కోపమంతా దాన్ని ఎంచే పద్ధతి మీద.

మాది మూడు వరసల మిడ్‌సైజ్ ఎస్‌యూవీ. 5,000 పౌండ్లు లాగుతుందని కంపెనీవాళ్ళ కరపత్రంలో ఉంది. డీలరు దగ్గర చూసిన ట్రైలర్ ఖాళీ బరువు 3,600. "ఇంకా 1,400 మిగిలిందిగా!" అన్నారు మావారు. సేల్స్‌మన్ తలూపాడు. నేనేదో అడగబోతే, "మీరు లోపలికి వెళ్ళి కిచెన్ చూడండి మేడమ్, మీకు నచ్చుతుంది" అన్నాడు. చూశాను, నచ్చింది కూడా. అలమరలు ఒక్కొక్కటీ తెరుస్తుంటేనే అనుమానం వచ్చింది. అన్నీ ఖాళీ!

ఖాళీ బరువంటే నిజంగా ఖాళీయే. నీళ్ళుండవు, గిన్నెలుండవు, దుప్పట్లుండవు. అలా ప్రయాణం కట్టిన ఇల్లాలు ఎవరైనా ఉన్నారా? గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు. 30 గ్యాలన్ల ట్యాంకు నింపితే అదే 250. ఆపైన గ్యాస్, సోనామసూరి సంచి, కుక్కరు, మడత కుర్చీలు, పిల్లల సైకిళ్ళు. సర్దేది నేనే కాబట్టి చెబుతున్నా, 4,300కి తగ్గదు.

అయినా 5,000 లోపేగా అంటారా? అసలు తిరకాసు అక్కడే. డ్రైవరు తలుపు తీస్తే పక్కన ఒక స్టిక్కరు ఉంటుంది. ఎక్కే మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించరాదని. మా బండికది 1,290 పౌండ్లు. ట్రైలర్ ముందు భాగం బండి మీద మోపే బరువు కూడా అందులోంచే పోవాలి. ఆ మోపు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, తగ్గితే ట్రైలర్ వెనక తోకలా ఊగుతుంది. 12 శాతం వేసుకున్నా 516. మా హిచ్ మీదేమో 500 దాటకూడదని రాసే ఉంది! పోనీ అనుకుని కలపండి. మావారు 185, నేను 158 (నవ్వకండి), పిల్లలిద్దరూ 170, అత్తయ్య 130, తగిలించే ఇనప సామాను 50. మిగిలింది 81 పౌండ్లు. అందులో కూలరు, సూట్‌కేసులు, అత్తయ్య వీల్‌చైరు.

ఈ లెక్క కిరాణా రసీదు వెనక రాసి చూపిస్తే, "నీదంతా చాదస్తం. మావాడు మూడేళ్ళుగా లాగుతున్నాడు, ఏమైంది?" అన్నారు. ఈ "ఏమైంది" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కిందటేడు ఆ మావాడి ట్రైలరే అడిగి తీసుకుని పాలో డ్యూరో కాన్యన్‌కి బయల్దేరాం. ఇప్పుడు చూసినదానికంటే చిన్నదే. విచిటా ఫాల్స్ దాటాక 287 మీద ఒకటే పక్కగాలి. పెద్ద ట్రక్కు ఒకటి మమ్మల్ని దాటేసరికి వెనక ట్రైలర్ ఊగడం, దాంతోపాటు మా బండి ఊగడం. అలాంటప్పుడు గ్యాస్ మీంచి కాలు తీసి, ట్రైలర్ బ్రేకు మాత్రమే చేత్తో వెయ్యాలట. మావారు కంగారులో కారు బ్రేకు తొక్కారు. అత్తయ్య రామ రామ అంటూ చిన్నదాన్ని గట్టిగా పట్టుకున్నారు. దేవుడి దయవల్ల రోడ్డు పక్కకి వచ్చి ఆగాం. అమరిల్లో చేరేదాకా బండిలో ఎవరూ నోరెత్తలేదు. అది మావారికి "ఏమీ కాకపోవడం."

మీలోనూ కొందరంటారు, బండ్ల సంగతి మగవాళ్ళది, మనకెందుకని. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నేలమీద కూర్చుని, 23 కిలోలు దాటిన పెట్టెలోంచి ఆవకాయ తీసి ఇంకో పెట్టెలో సర్దింది ఎవరమ్మా? వాళ్ళా, మనమా? బరువు లెక్క మనకంటే ఎవరికి బాగా తెలుసు? డీలరు మనల్ని కర్టెన్లు చూడమంటే చూసి వచ్చేస్తామా?

నేనైతే లెక్క తిరగేశాను. ముందు స్టిక్కరు. అందులోంచి మనుషులు, ఇనప సామాను, బండిలో పెట్టే 200 పౌండ్ల లగేజీ తీసేస్తే దాదాపు 400 మిగిలింది. అంత మోపుకి తగ్గ ట్రైలర్ కావాలంటే, దాని ఖాళీ బరువు కాదు, నింపితే గరిష్ఠంగా ఎంతవరకూ తూగొచ్చో ఆ అంకె 3,000 దగ్గరుండాలి. కొన్నాక కూడా అన్నీ సర్ది ట్రక్ స్టాపులో ఉండే కాటా మీద ఒకసారి తూచాలి. అంత చిన్నదాంట్లో అత్తయ్యకీ పిల్లలకీ మంచాలు వస్తాయి, మా ఇద్దరికీ రావు. బయట టెంటు వేసుకుందామన్నాను. "నలుగురూ ఏమనుకుంటారు, ఇంత చిన్నదా అని నవ్వరూ?" అన్నారు. నవ్వుకోనివ్వండి.

ఈ ఒక్క విషయంలో అత్తయ్య నా పక్షం. ఆదివారం ఇంకో డీలరు దగ్గరికి వెళ్తున్నాం. మావారు మొహం మాడ్చుకుని టెంటు ధరలు చూస్తున్నారు.