పిల్లి గుండె

పిల్లికి గుండెజబ్బేమిటని నవ్వేవారున్నారు. దారపుండతో ఆడుకుంటున్న రెండేళ్ల పిల్లి ఉన్నట్టుండి కూలిపోతే ఆ యింటి పిల్లలకది నవ్వుటాల కాదు.

పిల్లులకు ఎక్కువగా వచ్చేది గుండె కండరం దళసరి అయ్యే జబ్బు. గోడలు మందమైనకొద్దీ లోపల నెత్తురు నిండే చోటు తగ్గుతుంది. మెయిన్ కూన్ జాతిలో దీనికి కారణమైన ఒక జన్యుదోషాన్ని 2005లో కనుగొన్నారు.

ఊపిరితిత్తుల్లో చేరిన నీటిని ఫ్యూరోసెమైడ్ తీసివేస్తుంది. నెత్తురు గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ ఇస్తారు. అటెనలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది గాని, ఆయువు పెంచినట్టు రుజువు కాలేదు. ఇవేవీ కండరం దళసరిని తగ్గించేవి కావు.

ఆ ఆశ చూపిస్తున్నది రాపమైసిన్. ఈస్టర్ దీవి నుంచి తెచ్చిన మట్టిలో దొరికిన మందు. దాన్ని వెలికితీసిన వారిలో ముఖ్యుడు అవిభక్త పంజాబులో పుట్టిన సురేన్ సెహగల్. 1999లో మూత్రపిండం మార్పిడి రోగులకు అందింది. లక్షణాలింకా బయటపడని పిల్లులకు, వారానికొకసారి ఇవ్వడానికి, 2025 మార్చిలో అమెరికా షరతులతో అనుమతించింది.

మనం చేయగలిగింది ఒకటుంది. పిల్లి నిద్రపోతూండగా ఊపిరులు లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటుతూంటే పశువైద్యుడికి చూపించండి. మీ మందుల డబ్బా మాత్రం తెరవకండి. మన జ్వరం తగ్గించే పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.