నూట ముప్ఫై డాలర్ల గిటారు!

మైకేల్ జాక్సన్ 1982 నాటి ‘బీట్ ఇట్’ పాట మధ్యలో ఎలక్ట్రిక్ గిటారు మోత విన్నారుగా! అది వాయించింది ఎడ్డీ వాన్ హేలెన్. ఆయనకి పేరు తెచ్చిన గిటారు షాపులో కొన్నది కాదు సుమండీ!

ఫెండర్ వాటం, గిబ్సన్ నాదం రెండూ ఒకే గిటారులో కావాలని ఎడ్డీ పట్టుదల. అలాంటిది బజార్లో దొరకలేదు. ఏం చేశాడు? 50 డాలర్లకి చెక్క బాడీ, 80 డాలర్లకి మెడ కొన్నాడు. పాత గిబ్సన్‌లోంచి పికప్ ఊడదీసి, కీచుమనకుండా కరిగిన మైనంలో ముంచి, సొంతంగా బిగించేశాడు. 1978లో తొలి ఆల్బమ్‌తో కుర్రకారుని ఊపేశాడు. ఎడ్డీ 2020లో కన్నుమూశాడు గానీ, అంతకు ముందు ఏడాదే ఆ అతుకుల గిటారు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకెక్కింది!

మీకూ చేతులు దురద పెడుతున్నాయా? అయితే ఒక్క కొలత మరవకండి. మెడ పైకొసన తీగలు ఆనే నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కి ఎంత దూరమో, అక్కణ్ణించి బ్రిడ్జికీ దాదాపు అంతే ఉండాలి. అది తప్పితే ఎంత ఖరీదైన పికప్ పెట్టినా అపశ్రుతే! జేబులో డబ్బు తగ్గినా ఫరవాలేదు గానీ, కొలత తగ్గితే మాత్రం కుదరదు గురూ!