ఎలుకల్లో కనిపించింది రోగికి వైద్యం కాదు

వేపాకు, పసుపు, నిమ్మనీళ్లు, ఉపవాసం. నాలుగో దశ క్యాన్సర్‌ను తన భార్య వీటితో 40 రోజుల్లో జయించారని మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ అమృత్‌సర్‌లో విలేకరులను పిలిచి మరీ చెప్పారు. ఆ మాట నమ్మి చికిత్స ఆపొద్దని టాటా మెమోరియల్ ఆసుపత్రి ప్రస్తుత, పూర్వ వైద్యులు 262 మంది కలిసి ప్రజలను వేడుకోవాల్సి వచ్చింది. ఆమెకు ఆపరేషన్, కీమోథెరపీ జరిగాయన్నది దాచేస్తే దాగే విషయం కాదు.

ఈ ప్రకటనను వెనకేసుకొస్తున్నవారు అంటున్న ఒక మాట మరీ దారుణం: ‘ఇది నమ్మకం కాదు, పరిశోధనల్లో తేలిందే’నట! ఏ పరిశోధనల్లో? డీఎంబీఏ వంటి రసాయనంతో ఎలుకల్లో కణితి పుట్టిస్తారు. వాటికి ఆకుల సారం తాగించి, గ్లుటాథయోన్, కెటలేజ్ వంటి యాంటీఆక్సిడెంట్లు పెరిగాయా అని కాలేయంలో, రక్తంలో చూస్తారు. పెరిగితే ఆ సారానికి యాంటీఆక్సిడెంట్ గుణం ఉందని రాస్తారు. అంతవరకు అది నిజాయతీ గల శాస్త్రమే. కానీ చాలా ప్రయోగాల్లో ఆ సారాన్ని రసాయనానికి ముందో, దానితోపాటో ఇస్తారు. కణితి పుట్టకుండా ఆపుతుందా అన్నదే అక్కడి పరీక్ష. ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌ను కరిగిస్తుందా అని అక్కడ ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు దొరికిందని రోగికి చెప్పడం మోసం.

పైగా యాంటీఆక్సిడెంట్ అంటే మేలే చేస్తుందన్న హామీ కూడా లేదు. విటమిన్ ‘ఇ’, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే యాంటీఆక్సిడెంట్లు ఇచ్చిన ఎలుకల్లో ఊపిరితిత్తుల కణితులు ఇంకా వేగంగా పెరిగాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2014లో చూపారు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులపై జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. మరో యాంటీఆక్సిడెంట్ అయిన బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. రేడియేషన్ క్యాన్సర్ కణాన్ని చంపేది చాలావరకు ఫ్రీ రాడికల్స్ ద్వారానే. వాటిని అణచే యాంటీఆక్సిడెంట్ సారాలను డాక్టరుకు చెప్పకుండా తాగమంటున్నది ఎవరి భరోసాతో? రేపు ఆ కణితి ముదిరితే ఆ ఇంటికి ఎవరు జవాబు చెబుతారు?

మొక్కల నుంచి మందులు రావా అంటే, బిళ్లగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వచ్చిన మాట నిజమే. అయితే అది మనుషులపై పరీక్షలు దాటి, మోతాదు తేలాక ఇంజెక్షన్‌గా వచ్చింది.

ఆహార నియమాలను డాక్టర్ల సలహాతోనే పాటించామని సిద్ధూ తర్వాత వివరణ ఇచ్చారు. అది చాలదు. అదే అమృత్‌సర్‌లో, అవే కెమెరాల ముందు, తన భార్యకు జరిగిన ఆపరేషన్ ఏమిటో, కీమో ఎన్నిసార్లు ఎక్కించారో చెప్పి, 40 రోజుల మాటను ఆయన వెనక్కి తీసుకోవాలి.