60 వస్తే పాస్.. మిగిలిన 40 సంగతేంది?

మొన్న మా అక్క కొడుకు ఫోన్ జేసిండు. తాండూరుల డిగ్రీ సదువుతున్నడు. "మామా, లర్నర్ లైసెన్సుకు స్లాట్ బుక్ జేసుకున్న. ప్రశ్నలన్నీ ఒక్క పీడీఎఫ్‌ల ఉంటయంట గదా, నీకాడుంటే పంపు. రెండు దినాలు బట్టీ కొట్టి పోత" అన్నడు. వాడు నాలుగేండ్ల సంది బండి నడుపుతనే ఉన్నడు. బండి ఎన్నడో వచ్చింది, కాయితం ఇప్పుడు కావాలె. మన ఊర్లల్ల శానామంది కథ గిదే.

నేను గూడ సుద్దపూసను కాదు. ఇరవై ఏండ్ల కింద నేను లైసెన్సు తీసుకున్నప్పుడు ఒక బ్రోకర్‌కు పైసలిచ్చిన. "సంతకం పెట్టు అన్నా, మిగిలింది నేను జూసుకుంట" అన్నడు. ఒక్క సైన్‌బోర్డు తెల్వకుండనే లైసెన్సు చేతికొచ్చింది. ఇన్నేండ్లు బతికున్నానంటే అది నా తెలివి కాదు, ఎదురుంగొచ్చినోళ్లు బ్రేకు కొట్టినందుకు.

గందుకే మేనల్లునికి పీడీఎఫ్ పంపలే. "నవంబర్ 3 యాదికుందా?" అని అడిగిన. వాడు సప్పుడు చెయ్యలే.

తాండూరోళ్లకు ఆ తారీఖు విడమర్చి చెప్పాల్సిన పని లేదు. 2025 నవంబర్ 3, సోమవారం. పొద్దుగాల్నే తాండూరు నుంచి పట్నం బయలెల్లిన ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ కాడ ఎదురుంగొచ్చిన కంకర టిప్పర్ గుద్దింది. టిప్పర్ల కంకరంతా బస్సులున్నోళ్ల మీద పడ్డది. 19 మంది పానాలు పోయినయి. ఆదివారం ఇంటికొచ్చి, సోమవారం కాలేజీకి మళ్లిన పిల్లలు అండ్ల ఉన్నరు. అంతకు ముందు ఏడాది, 2024 డిసెంబర్‌ల, గదే రోడ్డు మీద ఆలూరు కాడ కూరగాయలమ్ముకునేటోళ్ల మీదికి లారీ దూసుకపోయింది. గా రోడ్డును మనం బీజాపూర్ రోడ్డంటం, సర్కారోళ్లు జాతీయ రహదారి 163 అంటరు.

మీర్జాగూడ తర్వాత టీవీలల్ల ఒక్కటే లొల్లి. గుంత తప్పియ్యబోయిండని ఒకలు, స్పీడని ఒకలు, ఓవర్‌లోడని ఒకలు. రోడ్డు ఇరుకని అందరూ. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాంక 46 కిలోమీటర్లు వెడల్పు చేసే పని మర్రిచెట్ల కేసుతోని ఏండ్లకేండ్లు ఆగింది. చెట్లను కాపాడాలె అన్నోళ్లది తప్పు కాదు, రోడ్డు కావాలె అన్నోళ్లదీ తప్పు కాదు. రెండింటికీ తొవ్వ తీయాల్సిన సర్కారు ఏండ్లు గడిపింది. ఇది అడగాల్సిందే. కానీ రోడ్డు వెడల్పయ్యే దాంక మనం ఇదే రోడ్డు మీద పోవాలె గదా. మరి ఎట్ల పోవాలె? గా జవాబే లర్నర్ టెస్టుల ఉన్నది. మనం దాన్ని పాసయ్యే లెక్కగనే సూస్తున్నం, బతికే లెక్కగ సూస్తలేం.

1989 కేంద్ర మోటారు వాహనాల రూల్స్ ప్రకారం ఈ పరీక్షల నాలుగు ముచ్చట్లు అడగాలె. సైన్‌బోర్డులు, సిగ్నళ్లు, రోడ్డు రూల్స్ ఒకటి. యాక్సిడెంట్ అయితే డ్రైవర్ ఏం జెయ్యాలన్నది రెండు. కాపలా లేని రైలు గేటు కాడ జాగ్రత్త మూడు. బండిల ఉంచుకోవాల్సిన కాయితాలు నాలుగు. నూటికి 60 వస్తే పాస్. బడిల 60 అంటే ఫస్ట్ క్లాస్, మంచిదే. కానీ తప్పువోయిన ఆ 40 ఏడికి పోతది? ఎన్నడో ఒకనాడు మూలమలుపు కాడ ఎదురైతది.

రైలు గేటు ప్రశ్న ఎందుకుందో తెల్సా? 2014 జూలై 24 నాడు మెదక్ జిల్లా మాసాయిపేటల కాపలా లేని గేటు దాటుతున్న స్కూలు బస్సును రైలు గుద్దింది. పసిపిల్లలు సచ్చిపోయిండ్రు. గసొంటి గేటు కాడ బండి ఆపాలె, దిగి రెండు దిక్కులు సూడాలె, రైలు వస్తలేదని ఖాయం జేసుకున్నంకనే దాటాలె. పరీక్షల ఇది ఒక్క మార్కు. మాసాయిపేటల ఎన్ని ఇండ్లు ఆరిపోయినయో లెక్కవెట్టుండ్రి.

ఇగ మన రోడ్ల మీది రూల్స్ జూద్దాం. బోర్డు గుండ్రంగ ఉంటే హుకుం, మూడు మూలలుంటే హెచ్చరిక, పొడుగు డబ్బా తీరుంటే సమాచారం. ఈ ఒక్కటి మతికుంటే సగం బోర్డులు సదవకుండనే అర్థమైతయి. రోడ్డు నడుమ తెగని పసుపు గీత ఉంటే దాటొద్దు. మలుపు కాడ, ముందర కనవడని కాడ ఓవర్‌టేక్ చెయ్యొద్దు. అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు ఇరుకు జాగల ఎదురుంగ బండొస్తే, ఎక్కేటోనికి దిగేటోడు తొవ్వ ఇయ్యాలె. మట్టి రోడ్డు నుంచి మెయిన్ రోడ్డెక్కేటప్పుడు ఆగి, మెయిన్ రోడ్డు మీది బండ్లను పోనియ్యాలె. రాత్రి నాపరాళ్ల లోడు ట్రాక్టర్ చెడిపోతే చీకట్ల రోడ్డు మీద ఇడిసిపెట్టొద్దు, ఎనుకొచ్చేటోనికి కనవడేటట్టు లైటన్న, రిఫ్లెక్టరన్న ఉండాలె. ఎదురుంగ బండొస్తే హైబీమ్ తగ్గియ్యాలె.

స్పీడు లెక్క గూడ జెప్త. 60 మీద పోతే బండి ఒక్క సెకన్‌కు దగ్గర దగ్గర 17 మీటర్లు ఉరుకుతది. మూడు సెకన్లు ఫోన్ జూసినవంటే 50 మీటర్లు కండ్లు మూసుకొని నడిపినట్టు. 30 మీద బ్రేకు కొడితే బండి ఎంత దూరంల ఆగుతదో, 60 మీద దానికి నాలుగింతల దూరం పడ్తది. రెండింతలు కాదు తమ్మీ, నాలుగింతలు.

లైసెన్సు ముచ్చట పోలీసోళ్ల చలాన్‌తోని అయిపోయేది కాదు. లైసెన్సు లేనోడు బండితోని ఎవలనన్న గుద్దితే, ఇన్సూరెన్స్ కంపెనీ ముందుగాల పరిహారం కట్టినా ఆ పైసలు ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. అంటే మీ నాయిన ఎకరం అమ్మాలె. బండి ఓనరే నడుపుకుంట సచ్చిపోతే వచ్చే 15 లక్షల బీమాకు గూడ సరైన లైసెన్సు ఉండాలె. పద్దెనిమిది నిండని పిలగానికి బండిస్తే కన్నోళ్లకు, ఓనర్‌కు మూడేండ్ల దాంక జైలు, 25 వేల జుర్మానా చట్టంల ఉన్నయి. ఆ పిలగానికి 25 ఏండ్లు వచ్చే దాంక లైసెన్సియ్యరు. ఇంట్ల ముద్దుకు బండి తాళమిచ్చేటోళ్లు ఇది ఒకపారి సదువుండ్రి.

ఇంకోటి. యాక్సిడెంట్ కాడ శానామంది నిలబడి వీడియో తీస్తరు, చెయ్యేస్తే కేసులల్ల ఇరుక్కుంటమని బుగులు. సాయం జేసినోన్ని పోలీసులు సతాయించొద్దని, బలవంతంగ సాక్షిని చెయ్యొద్దని 2019 సవరణతోని చట్టంలనే రాసిండ్రు. 2025 మే నుంచి యాక్సిడెంట్ల దెబ్బ తాకినోళ్లకు ఏడు దినాల దాంక, లక్షన్నర వరకు పైసల్లేకుండ ఇలాజు చేసే కేంద్రం స్కీమ్ గూడ ఉన్నది. ఈ రెండు ముచ్చట్లు తెల్సినోడు ఒక్కడున్నా ఒక పానం నిలవడ్తది.

ఇన్ని జెప్పి తప్పంతా పోరగాళ్ల మీద ఎయ్యను. పదేండ్ల పిలగానికి ఎడమ దిక్కు నడువుమని బడిల ఎవలు నేర్పుతున్నరు? నేర్పకుండ పరీక్ష పెట్టుడు, పరీక్ష పెట్టి బ్రోకర్లకు ఇడిసిపెట్టుడు సర్కారు తప్పు. ఓవర్‌లోడ్ టిప్పర్‌ను తొవ్వ పొంటి ఆపాల్సినోళ్లు ఆపకపోవుడు పెద్ద తప్పు. గందుకే రెండు పనులు జేద్దాం. వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్ కాలేజీలల్ల రవాణా శాఖోళ్లు తెలుగుల క్లాసులు పెట్టాలె అని దరఖాస్తు ఇద్దాం. అది అయ్యే దాంక ఊరి గ్రంథాలయం కాడ ఆదివారం గంటసేపు కూసోని మనమే ఒకలకొకలం చెప్పుకుందాం.

నా మేనల్లుడు ఇంటికొస్తనన్నడు. ఇద్దరం కలిసి నేర్చుకుంటం, ఎందుకంటే నేను గూడ గా పరీక్ష ఇంకా రాయలే. లర్నర్ లైసెన్సు ఆరు నెల్లు నడుస్తది. 30 దినాలైనంక పక్కా లైసెన్సుకు పోవచ్చు. అప్పటి దాంక వాని బండి మీద ఎర్రటి 'ఎల్' ఉంటది, ఎనుక నేర్పేటోడు తప్ప ఇంకొకలు కూసోవద్దు. గా ఎనుక సీట్ల నేనే కూసుంట, ఇద్దరి నెత్తికి హెల్మెట్ పెట్టుకొని.