గోమార్లు ఉండేది గోడ పగుళ్లలో

కుక్క చెవి మడతల్లోంచి నాలుగు గోమార్లను ఏరిపారేసి పని ముగిసిందనుకోవడం పెంపకందారుల్లో బాగా పాతుకుపోయిన భ్రమ. కుక్కలను పీడించే గోధుమరంగు గోమారి తన జీవితంలో ఎక్కువకాలం గడిపేది కుక్క ఒంటిపై కాదు, ఆ కుక్క ఉండే ఇంట్లోనే. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కిందికి రాలి, గోడ పగుళ్లలోకో గోనెపట్టా మడతల్లోకో పాకి, వేలకొద్దీ గుడ్లు పెట్టి చనిపోతుంది. గుడ్డు నుంచి వచ్చే ఆరుకాళ్ల పిల్లపురుగు, ఆ తర్వాతి దశలోని ఎనిమిది కాళ్ల చిరుగోమారి, చివరకు ఎదిగిన గోమారి, దశకోసారి కుక్కనెక్కి రక్తం పీల్చి దిగిపోతాయి, ఎదిగినవైతే ఆహారం లేకుండానే నెలల తరబడి పొంచి ఉండగలవు. రక్తంలోని తెల్లకణాలలో చేరి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల సంఖ్యను పడగొట్టే ఎర్లికియా అనే బాక్టీరియాను కుక్కలకు అంటించేది ఈ పురుగే కనుక, పశువైద్యుడు సూచించిన మాత్రనో చుక్కల మందునో గడువు తప్పకుండా వాడుతూ, పగుళ్లు పూడ్చి, పడక గుడ్డలను వేడినీళ్లలో ఉతికితేనే ఫలితం ఉంటుంది. పొలానికి కొన్న పురుగుమందును కుక్కకు పూయడం (ఒళ్లు నాకే జంతువుకు విషం పూయడమే అది!) వైద్యం కాదు. పిల్లి ఉన్న ఇంట్లో మరింత జాగ్రత్త అవసరం: కుక్కల చుక్కల మందుల్లో కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్‌ను పిల్లి కాలేయం విచ్ఛిన్నం చేయలేదు, ఆ మందు పిల్లి ప్రాణం తీయగలదు.