ఈ ఏడు ఆవకాయకి జాడీ కొంటున్నారా?

మామిడికాయల బేరానికి వెళ్ళేముందే జాడీ సంగతి చూసుకోండి. కాయ పులుపుందా, టెంక ముదిరిందా అని కొరికి మరీ చూసే మనం, ఏడాది పొడవునా దాన్ని దాచే జాడీని మాత్రం అటక మీంచి దింపి, దుమ్ము దులిపి సరే అనుకుంటాం. కాయలు, కారం, ఆవపిండి, నూనె కలిపితే ఇవాళ ఎంతవుతుందో మీకు నేను చెప్పాలా? బూజు పడితే అదంతా పెంటకుప్ప పాలే.

కొత్తది కొనేటప్పుడు ముందు వేలి కణుపుతో కొట్టి చూడండి. కంచుమోగినట్టు ఖంగుమంటే మంచిది. బొంగురుగా మోగితే ఎక్కడో పగులున్నట్టే. మంచి జాడీని దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అందుకే మట్టి రాయిలా గట్టిపడి ఉప్పూ పులుపూ పీల్చదు. తక్కువ మంటలో కాల్చి, పైన రంగురంగుల మెరుగు పూసినవి అలంకారానికే గాని ఊరగాయకు వద్దు. కొన్ని మెరుగుల్లో సీసం ఉంటుంది. పులుపు తగిలితే అది ఊరి పచ్చట్లోకి దిగుతుంది. పిల్లలున్న ఇంట్లో మరీ ప్రమాదం. మూతి సంగతి మరవకండి, మీ చెయ్యి గాజులతో సహా లోపలికి పట్టాలి. లేకపోతే అడుగుది కలిపేదెలా?

ఇంటికి తెచ్చాక నిండా నీళ్ళు పోసి, పొడి గచ్చు మీద పాత కాగితం పరిచి రాత్రంతా ఉంచండి. పొద్దున కాగితం తడిస్తే ఆ జాడీ పనికిరాదు.

"అత్తగారిచ్చిన జాడీ లోపల వెంట్రుకంత గీతలు పడ్డాయి, వాడొచ్చా?" అని చాలామందికి సందేహం. ఊరగాయకి మాత్రం వద్దమ్మా. ఆ గీతల్లోకి నూనె దిగి, ఎంత కడిగినా పోని కంపు పడుతుంది, కొత్త పచ్చడికీ అదే పట్టుకుంటుంది. అలాగని పారేయక్కర్లేదు, కందిపప్పో ధనియాలో పోసుకోండి. ఉప్పు, చింతపండు మాత్రం వెయ్యకండి.

పరాయి దేశాల్లో ఇంట్లో ద్రాక్ష వైను పెట్టుకునేవాళ్ళకి ఓక్ చెక్క పీపాలతో ఇంతకు రెట్టింపు బాధ. చెక్క ఎండితే సందులు విడి కారిపోతుందని ముందు నీళ్ళతో నానబెడతారు. ఖాళీ పీపాలో గంధకం పొగ వేస్తారు. మన పెద్దవాళ్ళు నిప్పు మీద ఇంగువ వేసి, ఆ పొగ మీద జాడీ బోర్లించేవారు కదూ! చూడండి, ఎక్కడి ఆడవాళ్ళకైనా పొగే దిక్కు. తేడా ఏమిటంటే, పీపాకి తడి కావాలి, మన జాడీకి తడి శత్రువు.

మార్కాపురం, గిద్దలూరు వైపు బోరు నీళ్ళకి ఉప్పదనం ఎక్కువ. కడిగి అలాగే వదిలేస్తే ఆరాక తెల్లటి చార కడుతుంది. గోరువెచ్చని నీళ్ళతో తొలిచి (సలసల మరిగేవి చల్లని జాడీలో పొయ్యకండి, పగులుతుంది), పొడిగుడ్డతో తుడిచి, రోజంతా ఎండబెట్టండి. మన ఎండలు ఈ ఒక్క పనికైనా ఉపయోగపడనీండి!

నింపేటప్పుడు పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి. మూడోనాడు తిరగ కలిపాక నూనె ముక్కల పైన తేలాలి, తేలకపోతే కాచి చల్లార్చిన నూనె పొయ్యండి. మూతి చుట్టూ తుడిచి, తెల్లటి పొడిగుడ్డతో వాసెన కట్టండి. వైను తగ్గేకొద్దీ పీపాలో గాలి చేరి పులుస్తుందని వాళ్ళు మళ్ళీ నింపుతారు. మనం మళ్ళీ ఆవకాయ ఎక్కణ్ణుంచి తెస్తాం? సగానికి వచ్చాక చిన్న జాడీలోకి మార్చుకోండి. అసలు ఒక పెద్దదాని కంటే రెండు మధ్యరకంవే మేలని నా అభిప్రాయం. ఒకటి రోజూ వాడకానికి, రెండోది సంక్రాంతి దాకా వాసెన విప్పకుండా.

మార్కాపురం వాళ్ళకి పలకరాయికి కొదవ లేదు కాబట్టి జాడీ కింద ఒక బిళ్ళ వేసుకోండి, గచ్చు చెమ్మ తగలదు. పొయ్యి పక్కన మాత్రం పెట్టకండి.