నిధి సరే, ముందు ప్రాణం
తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో 2025 జూలై 13న ‘వేట్టువం’ చిత్రీకరణలో, కారు పల్టీ కొట్టించే సన్నివేశంలో స్టంట్ కళాకారుడు ఎస్.ఎం. రాజు మరణించారు. షూటింగ్‌కు బయలుదేరే తండ్రితో పిల్లలు మాట్లాడే నాలుగు మాటలే కడపటివి కావచ్చన్న భయం ఈ వృత్తిని నమ్ముకున్న ఇళ్లను ఇంకా వదల్లేదు. మన కర్ణాటక కూడా ఈ కడుపుకోత ఎరిగినదే. 2016 నవంబరు 7న కన్నడ చిత్రం ‘మాస్తిగుడి’ కోసం తిప్పగొండనహళ్లి జలాశయంలోకి హెలికాప్టర్ నుంచి దూకి ప్రాణాలు కోల్పోయిన నటులు అనిల్, ఉదయ్‌లకు లైఫ్ జాకెట్లు లేవు. తమకు ఈత అంతంతమాత్రమేనని అంతకుముందే టీవీ కెమెరాల ముందు చెప్పారు కూడా. విన్నవారిలో ఒక్కరైనా చిత్రీకరణ ఆపించి ఉండాల్సింది. సినీ కార్మికుల సంక్షేమానికి టికెట్‌పై ఒకటి నుంచి రెండు శాతం సెస్సు విధించేందుకు కర్ణాటక 2024లో చట్టం చేసింది. బళ్లారి జిల్లా కుడతినిలోని ప్రేక్షకుడు ఆ రూపాయి సంతోషంగానే ఇస్తాడు. అయితే ఆ సెస్సుతో సమకూరే నిధి పోయిన ప్రాణాన్ని తేలేదు. బీమా పత్రం, అంబులెన్స్, నీళ్లలోనైతే గజ ఈతగాళ్లతో సిద్ధంగా ఉన్న పడవ కళ్లజూసిన తర్వాతే అధికారులు ప్రమాదకర సన్నివేశాలకు అనుమతివ్వాలి. భయమేస్తోందని వెనుదీసిన కార్మికుడికి ఆ రోజు కూలి కోయకూడదన్న షరతునూ ఆ అనుమతిపత్రంలోనే రాయాలి.